ఒక పన్ను ముందుకు

28 నవంబర్ 2024, గురువారం

బీపీ నూట అరవై. డాక్టర్ మాత్రలు రాశాడు. హెలెన్ ఈ నోట్‌బుక్ కొనిచ్చింది. నా భార్య సర్కారు దవాఖానలో నర్సు, ఇంట్లో కూడా ఆమె చెప్పిందే మందు. కోపం వస్తే మనుషుల మీద అరవకు, ఇందులో అరుచుకో అంది. సరే, అరుస్తున్నాను.

వీడియోలు చూసి మెకానిక్కులైన వాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఇవాళ ఒకడు వచ్చి నాకే టైమింగ్ గురించి పాఠం చెప్పబోయాడు. ఈ బీదర్‌లో ల్యాప్‌టాప్ పెట్టి ఇంజన్ కంప్యూటర్ తెరిచిన మొదటి మనిషి చిద్రి రోడ్డు జీవరాజ్. అది నేనే. వాణ్ని షెడ్డులోంచి వెళ్లగొట్టాను.

సాయంత్రం ధన్నూర నుంచి పీరప్పన్న వచ్చాడు. మా నాన్న ఆ ఊళ్లో బడిపంతులుగా ఉన్న ఏడేళ్లూ మా ఇల్లు వాళ్ల గోడ పక్కనే. వాళ్లమ్మ తాయవ్వ చేతి జొన్నరొట్టె తిని పెరిగాను. పీరప్పన్న అల్లం పండిస్తాడు, కొడుకు సంజు చిన్న పెట్రోల్ ట్రక్కు నడుపుతాడు. బీదర్ ఎత్తు ఎక్కడానికి బండి సెకండ్ గేరులో మూలుగుతోందట. గాంధీగంజ్ మార్కెట్‌కు అల్లం చేరేసరికి హర్రాజు సగం అయిపోతోందట. బండికి జర పానం పొయ్యి తమ్మీ, ఎత్తు కాడ ముసలెద్దు లెక్క నిలవడ్తాంది అన్నాడు.

పోస్తానన్నాను. నేను కాకపోతే ఎవరు పోస్తారు?

30 నవంబర్, శనివారం

బండి షెడ్డులో ఉంది. ఈసీయూలోంచి, అంటే ఇంజన్ కంప్యూటర్‌లోంచి, కంపెనీ ఫైల్ తీసి పక్కన దాచాను. రేపు ఏదైనా తేడా వస్తే మళ్లీ అదే ఎక్కించొచ్చు. అది నా పద్ధతి.

వాల్వులంటే ఇంజన్ గాలి పీల్చే తలుపులు. పాత ఇంజన్లలో అవి ఎప్పుడు తెరుచుకోవాలో ఒకసారి పెడితే మళ్లీ ఇంజన్ విప్పేదాకా అంతే. ఈ బండిలో ఆ టైమింగ్ నడుస్తుండగానే మారుతుంది. ఖాళీగా పోతే ఒకలా, బరువు లాగితే ఇంకొంచెం ముందుగా. ఎంత ముందుగా అన్నది కంప్యూటర్‌లో ఒక పట్టిక. కంపెనీ వాళ్లు మరీ పిరికిగా రాశారు. మైలేజీ, పొగ, వారంటీ, వాళ్ల భయాలు వాళ్లవి. బీదర్ ఎత్తు వాళ్లకేం తెలుసు?

బరువు మీద ఉన్నప్పటి గళ్లలో అంకెలన్నీ పెంచాను. పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య చోటు ఉందా అని ఒకటికి రెండుసార్లు లెక్క వేశాను. ఉంది. పెద్ద చోటు కాదు, కానీ ఉంది.

4 డిసెంబర్, బుధవారం

టైమింగ్ చైన్ సాగిపోయి ఉంది. కొత్తది వేశాను. కింద క్రాంకు షాఫ్టు తిరుగుతుంటే పైన వాల్వుల షాఫ్టును తిప్పేది ఈ చైనే.

వేసేటప్పుడు మా ఉస్తాద్ గుర్తొచ్చాడు. ఆయన దగ్గర పదకొండేళ్లు చేశాను. బోజా మోసే బండికి ఒక పన్ను ముందు పెట్టురా, గుర్రం లెక్క ఉరుకుతది అనేవాడు. లారీ అయినా, ట్రాక్టర్ అయినా, బీదర్ షెడ్లలో అందరం అదే చేశాం. అది పాత డీజిల్ పంపుకు చెప్పిన మాట. ఇది పెట్రోల్ ఇంజన్, ఇది వాల్వుల చైన్. తెలుసు. అయినా చెయ్యి అటే పోయింది. పళ్ల చక్రం మీద చైన్‌ను ఒక పన్ను ముందు పెట్టాను.

చేత్తో రెండు చుట్లు తిప్పి చూశాను. ఎక్కడా తగల్లేదు.

స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డులో లైటు వెలిగింది. రెండు షాఫ్టుల లెక్క కుదరడం లేదని కంప్యూటర్ ఫిర్యాదు. ఫిర్యాదులు నాకు కొత్త కాదు. ల్యాప్‌టాప్‌లో ఆ లైటుకున్న టిక్ తీసేశాను. ఇక వెలగదు.

6 డిసెంబర్, శుక్రవారం

నౌబాద్ దాకా తోలుకొచ్చాను. ఖాళీ బండి బాణంలా పోతోంది. నలభై రెండేళ్ల వయసులో ఈల వేసుకుంటూ షెడ్డుకు వచ్చాను.

కానీ అసలు మ్యాప్, అంటే నేను పెంచిన పట్టిక, బరువు మీదే తెరుచుకుంటుంది. ఖాళీ బండితో ఎంత తిరిగినా ఆ గళ్లలోకి పోదు. అందుకే పీరప్పన్నకు ఫోన్ చేసి, ఇరవై అల్లం మూటలు పంపు, నేనే ఎత్తు ఎక్కించి చూస్తాను అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. వాళ్లింట్లో ఇంజన్ విప్పిన బండి ముందు మైలార్ మల్లన్న దగ్గరికి పోవాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని పోవాలి. దేవునికి మొక్కకముందు బండిల మూట వడ్డదంటే మా నాయిన సమాధిలకెళ్లి లేసి కొడ్తడు తమ్మీ అని నవ్వాడు. ఆదివారం మల్లన్న వారం, పోయొస్తం, సోమవారం నీ ఇష్టమున్నన్ని మూటలు ఎయ్యి అన్నాడు.

గట్టిగా చెప్పాల్సింది. వాళ్ల దేవుడి విషయంలో చర్చికి పోయే నేను మాట్లాడితే బాగుండదని ఊరుకున్నాను. సరే అన్నా అన్నాను.

సాయంత్రం బండి కోసం సంజు వచ్చాడు, పెళ్లాన్ని కూడా తీసుకొచ్చాడు. మహాదేవిది దుబల్గుండి. పోయిన మేలో పెళ్లి అయింది, మేమూ పోయాం. నోరు ఊరుకోదు ఆ పిల్లకు. బండికి పానం పోసినవు గానీ కాకా, మీ సంజుకు జర బుద్ధి పొయ్యకపోతివి అంది. సంజు ఎర్రబడ్డాడు. నేను చాలాసేపు నవ్వాను.

8 డిసెంబర్, ఆదివారం

ఉదయం 11.20

చర్చి నుంచి వచ్చాం. అడ్వెంట్ రెండో ఆదివారం. ఫోన్ సైలెంట్‌లో పెట్టాను, చూస్తే పీరప్పన్నవి మూడు మిస్డ్ కాల్స్. బండి ఎగిరిపోతోందని చెప్పడానికే. అన్నం తిన్నాక చేస్తాను, ఆ పొగడ్త తీరిగ్గా వినాలి.

12.10

హెలెన్‌ను అర్జెంటుగా డ్యూటీకి రమ్మన్నారు. మైలార్‌కు పోతున్న బండి ఏదో వాగులో పడిందట.

సాయంత్రం 4.00

దవాఖాన వరండాలో రాస్తున్నాను. నోట్‌బుక్ ఎందుకు పట్టుకొచ్చానో నాకే తెలియదు.

బండిలో పద్నాలుగు మంది ఎక్కారట. అందరూ పసుపుతో ఉన్నారు. మల్లన్నకు చల్లడానికి తీసుకుపోతున్న బండారు పసుపు పళ్లెం తిరగబడి అందరి మీదా పడింది. పసుపు ఎక్కడో, రక్తం ఎక్కడో తెలియడం లేదని హెలెన్ చెప్పి మళ్లీ లోపలికి పోయింది. తాయవ్వకు తుంటి విరిగింది. ఇంకో ముగ్గురికి ఎముకలు విరిగాయి.

పీరప్పన్న చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. వాగు దాటినంక ఎత్తు షురూ అయితది గద తమ్మీ, ఆడ ఠక్కుఠక్కుమని సప్పుడు ఒచ్చింది, ఎంటనే ఇంజన్ బంద్, బండి ఎనుకకు జారవట్టె. సంజు బ్రేకు మీద నిలవడ్డడు, రెండుసార్లు దిగింది, మూడోసారి రాయి లెక్క అయింది. కల్వర్టుకు గోడ లేకుండె.

ఇంజన్ ఆగితే బ్రేకుకు బలం పోతుంది. రెండుసార్లు తొక్కితే అయిపోతుంది. అది నాకు తెలుసు. ఠక్కుఠక్కుమనే చప్పుడు ఏమిటో కూడా నాకు తెలుసు. పిస్టన్ వాల్వును కొట్టిన చప్పుడు. నేను పెట్టిన పన్నూ, నేను పెంచిన పట్టికా రెండూ కలిశాయి. విడివిడిగా ఏదీ తగిలేది కాదు. పట్టికకు లెక్క వేసినప్పుడు పన్ను లేదు. పన్ను పెట్టినప్పుడు లెక్క మళ్లీ వెయ్యలేదు.

మహాదేవి బండి వెనక ట్రాలీలో చివరి వరసలో కూర్చుంది.

9 డిసెంబర్, సోమవారం

మహాదేవిని ధన్నూరలోనే మట్టిలో పెట్టారు. మన్ను వేశాను.

11 డిసెంబర్, బుధవారం

బండిని స్టేషన్ వెనక ఖాళీ జాగాలో పెట్టారు. బండ్ల తనిఖీ ఇన్‌స్పెక్టర్ నన్నే పిలిచాడు. ఇలాంటి కేసుల్లో బానెట్ విప్పేది ఎప్పుడూ నేనే, ఆయనకు నూనె చేతికి అంటితే పడదు. రిపేరు చేసింది కూడా నువ్వే కదా, ఏం చేశావు అని అడిగాడు. సర్వీసు, కొత్త చైన్ అన్నాను. పీరప్పన్న అప్పటికే వాంగ్మూలం ఇచ్చాడట. బండి మంచిగ గుంజింది సార్, మా తమ్ముని చేతిల తప్పు లేదు అని చెప్పాడట. నేను అడగకుండానే చెప్పాడు.

హెడ్ విప్పాను. నాలుగు పిస్టన్ల మీదా నెలవంక గాట్లు. వాల్వులు వంగిపోయాయి. ఇన్‌స్పెక్టర్ వంగి చూసి, ఇది ఇంజన్ ఓవర్‌స్పీడ్ అయినప్పుడు పడే గాటు అన్నాడు. థర్డ్ నుంచి సెకండ్‌కు వెయ్యబోయి ఫస్ట్‌లో వేస్తే ఇంజన్ పిచ్చిగా తిరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి, చైన్ కూడా ఒక పన్ను ఎగురుతుంది, చూడు ఎగిరింది అన్నాడు. డ్రైవర్ తప్పు అని నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, కింద నాతో సంతకం పెట్టించాడు.

అది నిజం కూడా కావచ్చు, వేరే బండిలో.

ఆయన చాయ్‌కి పోయాడు. పదిహేను నిమిషాలు. బ్యాటరీ బతికే ఉంది. నా బ్యాగులో ల్యాప్‌టాప్ ఉంది. ఇది రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు, కానీ రాస్తాను. కేబుల్ పెట్టి కంపెనీ ఫైల్ తిరిగి ఎక్కించాను. లైటు టిక్ తిరిగి పెట్టాను. నేను చేసిన ఫైల్‌ను ల్యాప్‌టాప్‌లోంచి కూడా తుడిచేశాను. ఆయన వచ్చేసరికి చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాను. నాకూ ఒక చాయ్ పట్టుకొచ్చాడు. తాగాను.

12 డిసెంబర్, గురువారం

సంజు మీద కేసు పెట్టారు. అజాగ్రత్తగా నడిపి చావుకు కారణమయ్యాడని. స్టేషన్ బెయిల్ మీద వదిలారు.

15 డిసెంబర్, ఆదివారం

చర్చికి పోలేదు. తలనొప్పి అన్నాను. హెలెన్ బీపీ చూసింది. నూట ముప్పై. మంచిగా ఉంది, నోట్‌బుక్ పని చేస్తోంది అంది.

18 డిసెంబర్, బుధవారం

ధన్నూర పోయాను. పోకపోతే అనుమానం వస్తుందని పోయాను. బాధతో పోయానని రాసుకుంటే బాగుండేది.

తాయవ్వ మంచం మీద ఉంది. నన్ను చూసి ఏడ్చింది, నా తల నిమిరింది. పంతులు కొడుకా, తిన్నవా అని అడిగింది. తిన్నానన్నాను.

సంజు కొట్టంలో ఒక్కడే కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. గేరు మార్చే చెయ్యి. సెకండ్‌కే ఏసిన అనుకుంటున్న కాకా, గానీ సార్ ఫస్టుల వడ్డదంటుండు, యాదికి తెచ్చుకుందమంటె ఆ చెయ్యి ఏం జేసిందో నాకు యాదికొస్తలేదు అన్నాడు. తర్వాత నా మొహం చూసి అడిగాడు. నువ్వు ఇంజన్ ఇప్పి సూసినవు గద, నువ్వు చెప్పు కాకా, ఫస్టుల వడ్డదా?

చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి ముందు ప్రమాణం చేసి రాస్తున్నాను, చెప్పడానికే తెరిచాను. బయట పీరప్పన్న గొంతు వినిపించింది. పడి ఉండొచ్చు సంజూ అన్నాను.

వాడు తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

19 డిసెంబర్, గురువారం

చైన్ పొరపాటు. మ్యాప్ పొగరు. లైటు ఆర్పడం దొంగతనం. స్టేషన్ వెనక చేసింది నేరం. వీటన్నిటికీ ఏదో ఒక పేరు ఉంది. పడి ఉండొచ్చు అన్న ఆ మాటకు ఏం పేరు పెట్టాలి? పెళ్లాం పోయిన ఇరవై నాలుగేళ్ల వాడు నమ్మకంతో అడిగితే, వాడి పెళ్లాన్ని వాడే చంపాడని నేను చెప్పాను. నెమ్మదిగా, ప్రేమగా, భుజం మీద చెయ్యి వేసి చెప్పాను. నాకు నేనంటే అసహ్యంగా ఉంది. షెడ్డులో ఒక్క బండి ముట్టలేదు. ఆకలి మాత్రం వేస్తోంది, ఆ సిగ్గు కూడా ఉంది.

చెప్తే ఏమవుతుంది? జైలు. షెడ్డు పోతుంది. మా అమ్మాయి శాలిని పదో తరగతి. హెలెన్ దవాఖానలో తలెత్తుకోలేదు. ఈ లెక్క రోజూ వేస్తున్నాను. ప్రతిసారీ నాకు అనుకూలంగానే వస్తోంది.

23 డిసెంబర్, సోమవారం

ఏమీ లేదు.

26 డిసెంబర్, గురువారం

హెలెన్ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది. సంజును దవాఖానకు తెచ్చారు. పొద్దున ఎడమ చేతిని గుమ్మం ముందు బండ మీద పెట్టుకుని, కుడి చేత్తో రాయి తీసుకుని దంచుకున్నాడట. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. రెండు తీసేశారు. కట్టు కట్టింది హెలెనే. కడుతుంటే వాడు అరవలేదట. ఈ చెయ్యే చిన్నమ్మా, ఇదే తప్పు ఏసింది అన్నాడట.

హెలెన్ కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు చెప్పాను. అంతా, వరసగా, పన్ను నుంచి చాయ్ దాకా.

ఆమె ఒక్కటే అడిగింది, ఎన్ని రోజులైంది అని. పద్దెనిమిది రోజులు అన్నాను. లోపలికి పోయి యూనిఫాం మార్చుకోకుండానే మంచం మీద కూర్చుంది. కాసేపటికి వచ్చి, రేపు పొద్దున పో అంది.

27 డిసెంబర్, శుక్రవారం

ఇన్‌స్పెక్టర్‌కు మొత్తం చెప్పాను. మొదట కోప్పడ్డాడు. తర్వాత స్కానర్ తెప్పించి బండికి పెట్టాడు. కంపెనీ ఫైల్. ఒక్క అంకె కూడా తేడా లేదు. వార్నింగ్ లైటు సరిగ్గానే ఉంది. నువ్వు మార్చిన ఫైల్ ఏదీ అన్నాడు. తుడిచేశాను అన్నాను. చైన్ చూపించాను. అది ఎగిరిందని నీ ముందే కదా రాశాను, నువ్వే సంతకం చేశావు అన్నాడు. పీరప్పన్నను అడగండి, పవర్ కోసమే తెచ్చాడు అన్నాను. పీరప్పకు ఏం తెలుసు, సర్వీసుకు ఇచ్చానన్నాడు అన్నాడు.

తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఆ పిల్లవాడు చెయ్యి దంచుకున్నాడని విన్నాను, నీకు దగ్గరి వాళ్లట కదా, నీ మనసు నాకు అర్థమైంది, కానీ ఇలాంటివి చట్టం ముందు నిలవవు అన్నాడు. నిజమని మళ్లీ చెప్పాను. ఇంటికి పొమ్మన్నాడు.

నా జీవితంలో ఇంత శుభ్రంగా ఏ పనీ చెయ్యలేదు. ఆ పదిహేను నిమిషాల పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

29 డిసెంబర్, ఆదివారం

చర్చికి బదులు ధన్నూర పోయాను. హెలెన్ కూడా వచ్చింది, నేను రమ్మనలేదు.

వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు. అందరి ముందూ నిలబడి చెప్పాను. ఇంజన్ మాటలు వదిలేసి చెప్పాను. సంజు గేరు సరిగ్గానే వేశాడు, బండిని ఆపింది నా పని, దాన్ని దాచింది కూడా నేనే. మహాదేవి నా వల్ల పోయింది.

తర్వాత పీరప్పన్న లేచి వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. లేపబోతే లేవలేదు. మా పోరగాని పానం నిలవెట్టనీకి ఇంత నింద మీదేసుకుంటవా తమ్మీ, తోడవుట్టినోడు గూడ ఇట్ల చెయ్యడు అని ఏడ్చాడు. కాదన్నా, నిజం అన్నాను. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మంచం మీద నుంచి తాయవ్వ నన్ను దీవించింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. అప్పటికే స్టేషన్ నుంచి మాట ఊరికి చేరిపోయింది, పంతులు కొడుకు సంజు కోసం జైలుకు పోతానన్నాడట అని.

ఒక్క సంజు నమ్మితే చాలనుకున్నాను. వాడి పక్కన కూర్చున్నాను. కట్టు మీద చెయ్యి పెట్టి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు. చివరికి, ఆ దినం నేను ఒక్కన్నే ఉన్నప్పుడు అడిగితే వడి ఉండొచ్చన్నవు, ఆ దినం నిజం చెప్పినవు కాకా, ఇయ్యాల నా చెయ్యి సూసి దయ తలుస్తున్నవు అన్నాడు.

ఎన్నిసార్లు చెప్పినా అంతే. నువ్వు మంచోనివి కాకా అన్నాడు.

దారిలో హెలెన్ బస్సు కిటికీలోంచి బయటికే చూసింది.

5 జనవరి 2025, ఆదివారం

కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం ఆరాధన. ప్రసంగం మధ్యలో పాస్టరయ్య నా పేరు చెప్పాడు. మరొకరి నేరాన్ని తన మీద వేసుకున్న మనిషి మన మధ్యనే ఉన్నాడు, లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఆ నేరం నాదే అన్నాను. చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు. ఆడవాళ్ల వైపు చూశాను. హెలెన్ చేతులు ఒళ్లో ఉన్నాయి.